చెన్నై సెంట్రల్: పైన గడియారం, కింద మెట్రో, మధ్యలో మన పెట్టె

సెంట్రల్ గురించి ఎవరు రాసినా గడియార గోపురంతో మొదలుపెడతారు. సామానుతో దిగేవాడికి మాత్రం అక్కడ అన్నిటికన్నా పనికొచ్చేది గోపురం కాదు, నేల. పట్టాలు ఇక్కడితో ఆఖరు. రైలు వచ్చి బఫర్ల (పట్టాల చివరుండే అడ్డుదిమ్మల) ముందు ఆగుతుంది. వాటికి ఇవతల ప్లాట్‌ఫారాలన్నిటినీ కలుపుతూ అడ్డంగా పొడవాటి హాలు. ఒకటో నంబరు నుంచి పదకొండుకు పోవాలన్నా వంతెన ఎక్కే పనిలేదు. చక్రాల పెట్టె ఉన్నవాళ్లకీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకీ ఇంతకు మించిన వసతి లేదు. ఈ స్టేషనుకు మంచి మార్కులు పడేది ముందు ఇక్కడే.

ఆ సుఖానికి ఖరీదు నడక. 1873లో కట్టినప్పుడు నాలుగే ప్లాట్‌ఫారాలు, అవీ 12 బోగీల బండికి సరిపోయేంత. ఇప్పుడు ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం బోగీ ఒక్కోటి సుమారు 24 మీటర్లు. అలాంటివి 22 ఉంటే బండి పొడవు అర కిలోమీటరు దాటుతుంది. చెన్నై వచ్చేటప్పుడు ఇంజిను వెనకున్న పెట్టెలు హాలుకు దగ్గర, బండి తోకలో ఉన్నవాళ్లకు ఎండలోనో వానలోనో అర కిలోమీటరు. వెళ్లేటప్పుడు ఇంజిను అవతలి చివర ఉంటుంది కాబట్టి ముందు పెట్టెలవాళ్లకే నడక. పెద్దవాళ్లను ఎక్కించేవాళ్లు బోగీల వరస చూసుకుని, కనీసం అరగంట ముందే హాలు దాటడం మంచిది.

దూరప్రయాణపు ప్లాట్‌ఫారాలు 12 ఉన్నా నంబర్లు 11తోనే ఆగిపోతాయి. 2కీ 3కీ మధ్య పొట్టి బండ్ల కోసం 2ఏ అని ఒకటి ఇరికించారు. బోర్డులో ఆ ‘ఏ’ కనబడక 2లో నిలబడితే మాత్రం చివర్లో పరుగు తప్పదు.

ఇంకో చిక్కు ఊరి బయటే మొదలవుతుంది. గూడూరు దారీ, అరక్కోణం దారీ బేసిన్ బ్రిడ్జి దగ్గర కలుస్తాయి. లోపల ప్లాట్‌ఫారం ఖాళీ అయితేగానీ బండికి దారి ఇవ్వరు. ముందుకు పోయే దారి లేదు కనుక, వచ్చిన బండిని వెనక్కే లాగి ఖాళీ చేయాలి, దానికి టైము పడుతుంది. ఊరొచ్చేసిందని పెట్టెలు దించుకుని తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు అక్కడే నిలబడిపోతారు. విజయవాడ నుంచి వచ్చే పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో దిగి వెంటనే ఇంకో బండి పట్టుకోవాలనుకుంటే గంటన్నర తేడా ఉంచుకోండి.

ఇక బయటి ముఖం. దాన్ని స్టేషను వాకిట్లో నిలబడి చూస్తే మెడనొప్పి తప్ప ఏమీ దక్కదు. సబ్‌వే దాటి జనరల్ ఆసుపత్రి వైపు పోయి చూడాలి. మొదటి నమూనా జార్జ్ హార్డింగ్‌ది, గోథిక్ పద్ధతి. తర్వాత వాస్తుశిల్పి రాబర్ట్ ఫెలోస్ చిషోం దాన్ని మార్చి గడియార గోపురం చేర్చాడు, ముఖ్య గోపురాల నెత్తిన తిరువాంకూరు తరహా కప్పులు పెట్టాడు. 1900 నాటికి పూర్తయింది. ఇంగ్లండు గోడల మీద మలయాళపు టోపీ అన్నమాట. పొసగదనిపిస్తే పడమరగా నాలుగడుగులు వేసి విక్టోరియా పబ్లిక్ హాలు గోపురం చూడండి, అదీ ఆయన చేతిదే. గడియార గోపురం 136 అడుగులు, నాలుగు ముఖాలు. పావుగంటకోసారి మోగేలా అమర్చారు, కానీ పూనమల్లి హైరోడ్డు హోరులో ఆ మోత వినాలంటే తెల్లవారుజామునే రావాలి. 2005లో భవనానికి లేత గోధుమరంగు వేసి, జనం ఒప్పుకోకపోతే మళ్లీ ఇటుకెరుపుకు మార్చారు. మంచి పని చేశారు. ఆ తెల్ల అంచులు ఎరుపు మీదే నిలుస్తాయి.

1998లో పడమటి వైపు పాతదాని పోలికతోనే కొత్త భవనం కట్టారు. దూరం నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి, వరస చెడలేదు. కానీ ‘సెంట్రల్ గేటు దగ్గరుంటా’ అని చెప్పుకున్న ఇద్దరు చెరో భవనం ముందూ ఎదురుచూసే ప్రమాదం ఈ పోలికతోనే వచ్చింది. ‘గడియారం కింద’ అని చెప్పుకుంటే గొడవుండదు.

ఆ మర్యాద కూడా దక్కనిది మూర్ మార్కెట్ కాంప్లెక్సుకు. 1985లో కాలిపోయిన ఎర్రటి మార్కెట్ స్థలంలో లేచిన అంతస్తుల కాంక్రీటు దిమ్మ అది. గోపురం పక్కన బీరువా పెట్టినట్టుంటుంది. అయితే గుమ్మిడిపూండి, సూళ్లూరుపేట లోకల్ బండ్లు దొరికేది ఇక్కడే. ఆ లోకల్ బండ్లు ఎక్కాలంటే పెద్ద హాల్లోకి పోకండి.

కొత్తగా చేర్చినవాటిలో నెగ్గింది భూమి కిందికి పోయిన మెట్రో. పాత గోపురంతో పోటీ పడకుండా తన పని తాను చేసుకుంటుంది. రెండు లైన్లు రెండు అంతస్తుల్లో ఉంటాయి, కాబట్టి ఎస్కలేటర్ ఎక్కే ముందే రంగు చూసుకోవాలి: విమానాశ్రయానికి నేరుగా బ్లూ లైన్, కోయంబేడు బస్టాండుకు గ్రీన్. సామాను ఎక్స్‌రేలో పెట్టాలి. రాత్రి 11 దాటాక బండి దొరకదని అనుకునే బయలుదేరండి. తాంబరం లోకల్ కావాలంటే మెట్రో అక్కర్లేదు, రోడ్డవతల పార్క్ స్టేషన్ ఉంది. క్లోక్‌రూములో ఉంచే పెట్టెకు తాళం ఉండాలి, ప్రయాణపు టికెట్టూ చూపాలి. తాళం లేని సంచిని తీసుకోరు.

బోర్డు మీద పేరు 2019 నుంచి పురట్చి తలైవర్ డాక్టర్ ఎం.జి. రామచంద్రన్ సెంట్రల్. ఆటోవాళ్లకు సెంట్రల్ అంటే చాలు. పేరుకన్నా టికెట్ మీది స్టేషన్ కోడ్ చూసుకోవడం ముఖ్యం: ఎంఏఎస్ అంటే సెంట్రల్, ఎంఎస్ అంటే ఎగ్మోర్. ఒక్క అక్షరం తేడాతో రెండో స్టేషనుకు పోయినవాళ్లు ఆటో బేరాలు పెట్టుకోకుండా గ్రీన్ లైన్ ఎక్కితే చాలు, రెంటి మధ్యా దూరం ఒక్క స్టాపే.