డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్: నా గ్రాఫిక్స్ కార్డును నిలబెట్టిన ఉచిత సాధనం

రాజమహేంద్రవరంలో పద్నాలుగేళ్లుగా డీటీపీ కేంద్రం నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడు కవితా సంపుటాలు నా పని. శ్రావణ మాసం ముహూర్తాలకు ముందు పదిహేను రోజులు నాకు తిండికి కూడా తీరిక ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే కంప్యూటర్ తెర మొరాయించింది.

గ్రాఫిక్స్ డ్రైవర్‌కు, అంటే కార్డును విండోస్‌తో కలిపి నడిపే సాఫ్ట్‌వేర్‌కు, కొత్త వెర్షన్ వచ్చిందని తెర మూలన కనిపిస్తే, రాత్రి కేంద్రం మూసే ముందు అప్‌డేట్ నొక్కాను. పొద్దున వచ్చేసరికి రెండో మానిటర్ వెలగలేదు. మొదటిది రెండు మూడు నిమిషాలకోసారి నల్లబడి మళ్లీ వస్తోంది. పెళ్లికూతురి పేరులో ఒత్తు సరిచేస్తుండగా తెర ఆరిపోతే, ఆ ఒత్తు పడిందో లేదో మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. ఊళ్లో ఒక దుకాణానికి తీసుకెళ్లాను. మూత విప్పకుండానే కార్డు పోయిందన్నారు. కొత్తదానికి 11,500 రూపాయలు అవుతుందని కాగితం మీద రాసిచ్చారు. చూడకుండానే కార్డు పోయిందని తేలిగ్గా అనేయడం నాకు ఇప్పటికీ బాధే. ఆ డబ్బు నాకు నెల అద్దె కంటే ఎక్కువ.

బెంగళూరులో ఉన్న మా మేనల్లుడికి ఫోను చేశాను. "అప్పుడే డబ్బు కట్టకు అత్తా. ముందు బయాస్‌లోకి, అదే విండోస్ మొదలుకాక ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్లి పది నిమిషాలు తెరను చూస్తూ కూర్చో" అన్నాడు. చూశాను, ఒక్కసారి కూడా ఆరలేదు. అక్కడ విండోస్ డ్రైవర్ ఇంకా పనిలోకి దిగదట. కార్డో, కేబులో చెడితే ఆ తెరపైనా గీతలు, నల్లబడటం చాలావరకు బయటపడతాయి. అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోనూ తెర నిలకడగానే ఉంది. ఇక మామూలుగా తెరిచి నడుస్తున్న ప్రోగ్రాములను చూపే టాస్క్ మేనేజర్ పెట్టి చూడమన్నాడు. మిగతా తెరతో పాటు అదీ మినుకుమంటే అనుమానం డ్రైవర్ మీద, అది మాత్రం కదలకుండా ఉంటే ఏదో ఒక అప్లికేషన్ మీద. నాకు అదీ ఆరింది.

విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలు నాలుగూ కలిపి నొక్కితే డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. అలా నొక్కాక రెండో మానిటర్ గంటసేపు వెలిగింది, తర్వాత మళ్లీ ఆరింది. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో, వెనకటి డ్రైవర్‌కు తిరిగి తీసుకెళ్లే రోల్ బ్యాక్ మీట మసకగా ఉంది, అంటే వెనకటి డ్రైవర్ కంప్యూటర్‌లో మిగల్లేదు. మామూలు పద్ధతిలో కొత్తదాన్ని తీసేసి పాతది ఎక్కించినా గుణం కనిపించలేదు.

అప్పుడు వాడిందే ఈ డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్. వాగ్నార్డ్‌సాఫ్ట్ తయారు చేసి ఉచితంగా ఇస్తోంది. ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్ మూడింటి డ్రైవర్లనూ తీసేస్తుంది. మామూలుగా తొలగించినప్పుడు మిగిలిపోయే ఫైళ్లను, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోని జాడలను కూడా ఊడ్చేస్తుంది. నా ఇబ్బంది ఆ మిగుళ్లతోనే.

దీన్ని నడిపే ముందు చేసుకోవలసిన ఏర్పాటే అసలు పని. బాగా పనిచేసిన పాత డ్రైవర్‌ను ముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను. ఏదైనా తేడా వస్తే విండోస్‌ను వెనకటి స్థితికి తెచ్చుకునేలా ఒక రిస్టోర్ పాయింట్ చేసుకున్నాను. డ్రైవ్‌కు బిట్‌లాకర్ తాళం ఉన్నవారు 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, సేఫ్ మోడ్‌కు వెళ్లేటప్పుడు అడగవచ్చు. ఇంటర్నెట్ కేబుల్ తప్పనిసరిగా తీసేయాలి, లేకపోతే మనం పాతది ఎక్కించేలోపే విండోస్ తనంతట తాను మరొకటి తెచ్చి పెడుతుంది. షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ ఇచ్చి, స్టార్టప్ సెట్టింగ్స్ దాకా వెళ్లి 4 నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. సాధనంలో కార్డు కంపెనీని ఎంచుకుని, శుభ్రం చేసి రీస్టార్ట్ చేసే మొదటి మీట నొక్కాను. కాసేపటికి కంప్యూటర్ పెద్ద పెద్ద అక్షరాలతో తెరుచుకుంది. కంగారుపడనక్కర్లేదు, డ్రైవర్ లేనప్పుడు విండోస్ తన ప్రాథమిక డ్రైవర్‌తో అలాగే చూపిస్తుంది. పెన్‌డ్రైవ్‌లోని పాతది ఎక్కించాక రెండు మానిటర్లూ వెలిగాయి. అంతా కలిపి నలభై నిమిషాలు.

లోపాలూ చెప్పాలి. తెరిచీ తెరవగానే కనిపించే ఆప్షన్ల వరుస కొత్తవారిని భయపెడుతుంది. నేను వాటిలో వేటినీ కదపలేదు. రెండోది నాకు ఇంకా ముఖ్యం: డ్రైవర్ ప్యానెల్‌లో నేను కుదుర్చుకున్న రంగుల అమరికలన్నీ పోయాయి. తెర మీది పసుపుకూ ప్రెస్సులో పడే పసుపుకూ పొంతన తేవడానికి మరో సాయంత్రం పట్టింది. ఆ అంకెలను ముందే ఫోటో తీసుకుని ఉంటే సరిపోయేది. ల్యాప్‌టాప్ వాడేవారు డ్రైవర్‌ను వీలైతే దాని కంపెనీ సైటు నుంచే తీసుకోండి. సాధనాన్ని మాత్రం వాగ్నార్డ్‌సాఫ్ట్ సొంత సైటు నుంచే దించుకోండి.

ప్రతి అప్‌డేట్‌కూ దీన్ని వాడమని నేను చెప్పను. బయాస్ తెర, రోల్ బ్యాక్ చూశాకే దీని దగ్గరికి రండి. అయిదుకు నాలుగున్నర ఇస్తాను, ఆ సగం రంగుల కోసం తగ్గించాను. ఆ వారం పన్నెండు శుభలేఖలు వేళకు ప్రెస్సుకు వెళ్లాయి. మొదటి బిల్లు చేతికి రాగానే తయారీదారుకు 500 రూపాయలు విరాళంగా పంపాను.