కొద్ది మొత్తం గంజాయి కేసు: జరిమానా, 39, 64ఏ... ఏది మేలు?

"అబ్బాయి జేబులో 50 గ్రాముల గంజాయి దొరికింది. నేరం ఒప్పుకుని జరిమానా కడితే ఒక్క పూటలో తేలిపోతుందంటున్నారు. కట్టేయమంటారా?" పదేపదే వస్తున్న ప్రశ్న ఇది. తొందరపడకండి. ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టంలోనే చికిత్సకు రెండు దారులున్నాయి: సెక్షన్ 39, సెక్షన్ 64ఏ. అయితే రెండూ కొద్ది మొత్తం కేసులకూ, సెక్షన్ 27 (మత్తుమందు వాడటం) కేసులకూ మాత్రమే. గంజాయి కిలోకు తక్కువ, చరస్ 100 గ్రాములకు తక్కువ, హెరాయిన్ 5 గ్రాములకు తక్కువ ఉండాలి. హెరాయిన్‌లో కల్తీ కలిసినా మొత్తం బరువే లెక్క అని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి పంచనామాలో తూకం ముందు చూడండి.

జరిమానా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. సెక్షన్ 20 కింద కొద్ది మొత్తం గంజాయికి గరిష్ఠంగా ఏడాది జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. డబ్బుతో పోయినా అది శిక్షే, నేరం రుజువైనట్టే. మళ్లీ దొరికితే సెక్షన్ 31 కింద గరిష్ఠ శిక్ష ఒకటిన్నర రెట్లు కావచ్చు. అలవాటు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

సెక్షన్ 39లో ముందు నేరం రుజువు కావాలి. ఆ తర్వాత కోర్టు వయసు, నడవడిక, ఆరోగ్యం చూసి, అతను ఒప్పుకుంటే జైలుకు బదులు చికిత్సకు పంపవచ్చు. అతను బాండు రాసిచ్చి, ఏడాదిలోపు చికిత్స ఫలితంపై నివేదిక తేవాలి. అది నచ్చితే మందలించి, మూడేళ్లకు మించని బాండుపై వదలవచ్చు. ఇదంతా జడ్జి విచక్షణే, హక్కు కాదు.

64ఏ వేరు. వ్యసనానికి లోనైన నిందితుడు తనంతట తాను చికిత్సకు వెళ్లి తీసుకుంటే అసలు ప్రాసిక్యూషనే ఉండదు. నా మొగ్గు దీనికే. కానీ మధ్యలో వదిలేస్తే ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు. కేసు నిలిచేదీ కూలేదీ చికిత్స "పూర్తి" అయిందా లేదా అన్న దగ్గరే. చికిత్స ఎన్నాళ్లకు పూర్తయినట్టో, కాగితం ఎలా ఉండాలో ఆ సెక్షన్లో లేదు. చాలామంది డిశ్చార్జి సమ్మరీ చూపించి అయిపోయిందనుకుంటారు. వార్డులోంచి బయటికి రావడం సగం చికిత్స మాత్రమే. అందుకే చేరిన రోజే డాక్టరుతో ప్రణాళిక రాయించుకోండి: వార్డులో ఎన్ని రోజులు, ఆపైన ఏ తేదీల్లో ఓపీకి రావాలి, మూత్ర పరీక్ష ఎప్పుడెప్పుడు. చివర్లో "ఈ ప్రణాళిక పూర్తయింది" అని సంతకంతో లేఖ తీసుకోండి.

రెండో చిక్కు వ్యసనాన్ని చూపించడం. చట్టం దృష్టిలో వ్యసనమంటే మత్తుమందుపై ఆధారపడటం. మూత్రంలో గంజాయి కనబడితే వాడాడని తెలుస్తుంది, అంతే. ఎన్నేళ్లుగా, రోజుకెంత, మానాలని ఎన్నిసార్లు ప్రయత్నించాడు అన్నవి కేసు షీటులో ఎక్కాలి. నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఆకలి చావడం వంటి లక్షణాలు మానేసిన ఒకటి రెండు రోజుల్లో మొదలై మొదటి వారంలోనే ఎక్కువగా ఉంటాయి. ఆ వారం రిమాండులో గడిస్తే జైలు డాక్టరు రాసిన కాగితమే దిక్కు. వెంటనే అడగండి.

ఇక ఆసుపత్రి. ప్రభుత్వం లేదా స్థానిక సంస్థ నడిపేదో, గుర్తించినదో అయితేనే 64ఏ వర్తిస్తుంది. 39లో స్థానిక సంస్థ ప్రస్తావన లేదు. ఊరి చివర ప్రైవేటు కేంద్రంలో బంధించి పెట్టిన నెల కోర్టులో నిలవకపోవచ్చు, పిల్లాడికి మంచిదీ కాదు. ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగమైతే నిశ్చింత. చేరిక ఫారంపై అతని సంతకమే ఉండాలి, నాన్నది కాదు. తనంతట తాను చేరాడనడానికి అదే ఆధారం. దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి, ఉచితం. కస్టడీలో ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఉచిత లాయరు పొందే హక్కుంది.

విచారణ చివరికొచ్చాకనో, ఒకసారి చికిత్స మధ్యలో వదిలి 64ఏ పోగొట్టుకున్నాకనో 39 అడగాలి. రెండూ వ్యసనపరులకే కాబట్టి, ఎప్పుడో ఒకసారి తాగిన కుర్రాడు ఈ రెంటిలోకీ రాడు. అతనిపై సెక్షన్ 27 ఒక్కటే ఉంటే ప్రొబేషన్ (జైలుకు పంపకుండా మంచి నడవడిక షరతుపై వదలడం) అడగవచ్చు. సెక్షన్ 20 కూడా పెడితే, 18 నిండినవారికి సెక్షన్ 33 ఆ తలుపు మూసేస్తుంది. కాబట్టి లాయరుతో మాట్లాడేటప్పుడు చార్జిషీటులో ఏ సెక్షన్లు పడ్డాయన్నది ముందు అడగండి.