సెకండ్ హ్యాండ్ ఎయిర్ రైఫిల్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు సిలిండరు మీద తేదీ చూడండి

పిల్లలకు 10 మీటర్ల షూటింగ్ కోసం వాడిన పీసీపీ రైఫిల్ (సిలిండరులో ముందే నింపిన గాలితో పనిచేసేది) వెతుకుతున్న తల్లిదండ్రులు, క్లబ్ రైఫిల్ వదిలి సొంతది కొనుక్కుందామనుకునే షూటర్లు ఇది పూర్తిగా చదవండి. హైదరాబాదులో ఈమధ్య ఒక జర్మన్ మ్యాచ్ రైఫిల్ "కస్టమ్ ట్యూనింగ్ చేయించినది, కొత్తదానికి తీసిపోదు" అన్న మాట మీద చేతులు మారింది. విప్పి చూస్తే సిలిండరు మీద తేదీ ఉండాల్సిన చోట ఎమరీ పేపరుతో రుద్ది, పైన స్టిక్కరు అంటించారు. ప్రతి షాట్‌కూ ఒకే ఒత్తిడితో గాలి అందించే రెగ్యులేటరు నిలకడగా లేదు. రైఫిల్‌తో ఇచ్చిన ఫ్యాక్టరీ టెస్ట్ కార్డు మీద సీరియల్ నంబరు వేరే రైఫిల్‌ది. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఎవరు అమ్మినా ఈ లోపాలు ఎలా బయటపడతాయో చెప్పడమే మా ఉద్దేశం.

మొదట సిలిండరు. మిగతావి పాడైతే పోయేది డబ్బే, ఇది పాడైతే మనిషికే ప్రమాదం. నిండా నింపితే లోపల ఒత్తిడి 200 బార్ ఉంటుంది, అంటే మామూలు కారు టైరులో ఉండే గాలికి దాదాపు వంద రెట్ల ఒత్తిడి, అదీ షూటర్ ముందు చేతికి ఆనుకునే ఉంటుంది. అందుకే తయారైన నెల, సంవత్సరం, ఎంత ఒత్తిడి దాకా నింపవచ్చో సిలిండరు ఒంటి మీదే చెక్కి ఇస్తారు. జర్మన్ మ్యాచ్ రైఫిళ్లలో చాలావాటికి తయారీదారు పెట్టే గడువు 10 ఏళ్లు. లండన్‌లో గగన్ నారంగ్ కంచు పతకం గెలిచిన 2012లో కొత్తగా తయారైన సిలిండరైతే దాని ఆయుష్షు 2022తోనే అయిపోయింది. "ఎక్కువ వాడలేదండీ, బీరువాలోనే ఉంది" అన్న మాట ఇక్కడ చెల్లదు, గడువు లెక్క తయారైన తేదీ నుంచే. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్ఎస్ఎఫ్) నిబంధనల ప్రకారం సిలిండరు గడువులో ఉండేలా చూసుకోవాల్సింది షూటరే. మ్యాచ్ రోజున ఎక్విప్‌మెంట్ కంట్రోల్ దగ్గర దొరికిపోతే బాధ్యత మీ పిల్లదే అవుతుంది, అమ్మినవాడు అక్కడ ఉండడు. కొత్త సిలిండరు తెప్పించాలంటే పదుల వేలు. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. తేదీ కనబడకపోతే, అక్కడ రంగు కొత్తగా ఉంటే, రుద్దిన గీతలుంటే బేరమే ఆడకండి.

లీకు పరీక్షకు తొందర పనికిరాదు. సిలిండరును నెమ్మదిగా నింపండి. గబగబా నింపితే గాలి వేడెక్కి గేజి ముల్లు ఎక్కువ చూపిస్తుంది, చల్లారాక తగ్గుతుంది. గంట ఆగి రీడింగ్ రాసుకుని, 24 గంటల తర్వాత అదే గదిలో, అదే వేడిలో మళ్లీ చూడండి. మే నెలలో 40 డిగ్రీల ఎండలో 200 బార్ ఉన్న సిలిండరు 24 డిగ్రీల ఏసీ హాలులోకి వస్తే ముల్లు 190 దగ్గరకు పడుతుంది, అది లీకు కాదు. ఒకే వేడిలో రోజుకు 5, 10 బార్ తగ్గుతుంటే మాత్రం లీకే. చాలాసార్లు ఓ-రింగు మారిస్తే సరిపోతుంది, అది చిన్న ఖర్చు. సిలిండరును బిగించే మర దారాలు అరిగి ఉంటే మాత్రం ఆ సిలిండరు ముట్టుకోకండి.

ఇంకో మాట, ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లి ఆక్సిజన్ ఎప్పుడూ నింపించకండి. లోపల జిడ్డు కాస్త ఉన్నా పేలుతుంది. రబ్బరు సీళ్లకు కుట్టుమిషను నూనె, త్రీ-ఇన్-వన్ లాంటివి వద్దు, తయారీదారు చెప్పిన సిలికాన్ గ్రీజు చాలు. చేతిపంపుతో నింపేవాళ్లు తేమ ఫిల్టరు తప్పక పెట్టుకోండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో తేమ లోపలికి చేరితే ముందు తినేసేది రెగ్యులేటరునే.

రెగ్యులేటరు లోపం మామూలుగా పట్టుబడదు. అమ్మేవాళ్లు వరసగా పది షాట్లు కొట్టి చూపిస్తారు, అన్నీ ఒకచోటే పడతాయి. లోపల వాల్వు ఆనే సీటు మీద దుమ్మో తుప్పో చేరితే, రైఫిల్ కొట్టకుండా ఊరికే ఉన్నప్పుడు లోపలి ఒత్తిడి మెల్లగా పైకి పాకుతుంది. దీన్నే క్రీప్ అంటారు. కాబట్టి పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ తీసుకెళ్లండి. వరసగా 20 షాట్ల వేగం రాసుకోండి, తర్వాత పది నిమిషాలు రైఫిల్‌ని కదపకుండా ఉంచి మరో షాట్ కొట్టండి. వరస షాట్లు 170 దగ్గర ఉండి, ఆగి కొట్టినది సెకనుకు 180 మీటర్లు చూపిస్తే పెల్లెట్ 10 మీటర్ల దూరంలో దాదాపు 2 మిల్లీమీటర్లు పైకి పడుతుంది. రింగుకు రింగుకు మధ్య 2.5 మిల్లీమీటర్లే కనుక ముప్పాతిక పాయింటు పోయినట్టే. పిల్ల తన పట్టులో తప్పుందనుకుని నెలల తరబడి పొజిషన్ మార్చుకుంటూ కూర్చుంటుంది, తప్పు మాత్రం రెగ్యులేటరులో ఉంటుంది. మంచి రైఫిల్‌లో 20 షాట్ల వేగాల మధ్య తేడా సెకనుకు నాలుగైదు మీటర్లు దాటకూడదు.

షాట్లన్నీ ఎంత దగ్గరగా పడుతున్నాయో చూసే గ్రూపు పరీక్షను భుజం మీద పెట్టి చేయకండి, క్లాంపులో బిగించి చేయండి. 0.53 గ్రాముల పెల్లెట్లలో 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్ల తల సైజులు మూడూ పట్టుకెళ్లండి. ఏదో ఒక సైజుతోనైనా పది షాట్ల రంధ్రం అంచు నుంచి అంచుకు 6, 7 మిల్లీమీటర్లలో రావాలి. మూడింటితోనూ 9 దాటితే బ్యారెల్ చివర దెబ్బతిన్నదని అనుమానించాలి. టెస్ట్ కార్డు, రిసీవరు (మెకానిజం ఉండే రైఫిల్ ఒళ్లు), ఇన్వాయిస్ మూడింటి మీదా ఒకే సీరియల్ నంబరు ఉండాలి.

"కస్టమ్" అనే మాటకు విడిగా డబ్బు అడుగుతారు కాబట్టి అదీ కొలవండి. సైట్ల దూరం పెంచడానికి బ్యారెల్ ముందు గొట్టం తొడుగుతారు. మెకానిజం వెనక అంచు నుంచి గొట్టం చివరి వరకు 850 మిల్లీమీటర్లు, సైట్లతో, బరువులతో కలిపి 5.5 కిలోలు, వీటిలో ఏది దాటినా మ్యాచ్‌కు పనికిరాదు. ట్రిగ్గర్‌ని మరీ పల్చన చేసి "సూపర్ లైట్" అంటారు. పెల్లెట్ లేకుండా కాక్ చేసి, బ్యారెల్‌ని టార్గెట్ వైపే ఉంచి, బట్ (భుజానికి ఆనే వెనక భాగం) మీద అరచేత్తో తట్టండి. ట్రిగ్గర్ ముట్టుకోకుండానే రైఫిల్ పేలితే తిప్పి ఇచ్చేయండి. పన్నెండేళ్ల పిల్లకు కొనేటప్పుడు బట్ ప్లేట్ పూర్తిగా లోపలికి తోసి భుజానికి పెట్టించి చూడండి. మెడ సాచకుండా కన్ను సైటుకు రావాలి.

మరో మోసం, 5.5 మిల్లీమీటర్ల బ్యారెల్‌తో వచ్చే "పవర్ కిట్". లైసెన్స్ అక్కర్లేదు, వేటకూ పనికొస్తుందని చెప్పి అంటగడతారు. 2016 ఆయుధ నిబంధనల్లో లైసెన్స్ మినహాయింపు 4.5 మిల్లీమీటర్ల బోరు (బ్యారెల్ లోపలి వెడల్పు), 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ గన్నులకే. మ్యాచ్ రైఫిల్‌కు ఏడెనిమిది జౌళ్లు చాలు. ఇక చెవులపిల్లి, కౌజు, అడవిపంది ఏదైనా సరే, 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి లేకుండా వేటాడితే జైలు శిక్ష పడొచ్చు.

ఇప్పటికే కొని, సిలిండరు గడువు దాటిందని తేలినవాళ్లు దాన్ని ఇక నింపకండి. తయారీదారు ఇచ్చిన వెంట్ పరికరంతో గాలి పూర్తిగా వదిలించి, ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) చేత వాల్వు తీయించి, గొట్టాన్ని అడ్డంగా కోయించాకే పాతసామానుకు వేయండి. కోయకుండా వేస్తే అది కొత్త స్టిక్కరుతో ఇంకో పిల్ల చేతికి చేరుతుంది.