మాంటిస్ బగ్ ట్రాకర్: బరంపురంలో చిన్న టీమ్‌తో ఏళ్ల తరబడి వాడాక

మాది బరంపురంలో చిన్న వెబ్ టీమ్. పట్టుచీరల కొట్లు, గోపాల్‌పూర్ హోటళ్లు, పర్లాకిమిడి వైపు రైస్‌మిల్లులు మా క్లయింట్లు. కొందరు తెలుగులో, కొందరు ఒడియాలో, చాలామంది రెండూ కలిపేసి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతారు. అందుకే సైట్లలో వచ్చే తప్పుల్ని (బగ్‌లని) రాసిపెట్టి, సరయ్యేదాకా వెంబడించే ఏ ట్రాకరైనా నేను చూసేది ఒక్కటే: క్లయింట్ చెప్పిన మాట డెవలపర్ దాకా చెడకుండా చేరుతోందా లేదా. ఆ విషయంలో మాంటిస్‌కే నా ఓటు.

2000 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) సాఫ్ట్‌వేర్ ఇది. పీహెచ్‌పీ భాష, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఉన్న మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో, అంటే నలుగురూ పంచుకునే సర్వర్లో నడిచిపోతుంది, మనిషికింత అని నెలనెలా కట్టక్కర్లేదు. చూపుకి పాతగా ఉంటుంది, అది నాకు పెద్ద విషయం కాదు.

బాగా పనికొచ్చింది రీప్రొడ్యూసిబిలిటీ అనే గడి, అంటే ఆ తప్పు మళ్లీ చేసి చూస్తే ప్రతిసారీ వస్తోందా, అప్పుడప్పుడేనా అని నింపే చోటు. ఒక చీరల కొట్టాయన "సైటు పనిచెయ్యట్లేదు బాబూ" అంటారు, చూస్తే వాళ్లబ్బాయి ఫోన్లో ఆర్డర్ పడుతోంది, మా దగ్గరా పడుతోంది, ఆయన ఫోన్లో మాత్రం పడట్లేదు. 'సమ్‌టైమ్స్' అని పెట్టి, స్టేటస్ 'ఫీడ్‌బ్యాక్'కి మార్చి స్క్రీన్‌షాట్ అడిగాం. అందులో పిన్‌కోడ్ 760 001 అని మధ్యలో ఖాళీతో ఉంది, కవర్ల మీద రాసే అలవాటు కొద్దీ. ఫారమ్ ఆరంకెలు తప్ప ఇంకేదీ ఒప్పుకోదు. గడి 'ఆల్వేస్'కి మారింది, ఇక సరిచెయ్యడం ఎంతసేపు!

ఆ 'ఫీడ్‌బ్యాక్' స్టేటస్ కూడా చాలా మంచిది. జవాబు రావాల్సింది అటునుంచి అని అందరికీ కనిపిస్తుంది, రిపోర్ట్ పెట్టినవాళ్లు నోట్ రాయగానే టికెట్ (ఒక్కో ఫిర్యాదుకి ఉండే నమోదు) దానంతటదే మన వైపు తిరిగొస్తుంది. మనలో మనం మాట్లాడుకోవడానికి ప్రైవేట్ నోట్ ఉంది. తప్పు ఎంత తీవ్రమో చెప్పే సివియారిటీ గడిలో 'ఫీచర్' అని వేరే ఉండటం వల్ల, బగ్ ఏదో కొత్త కోరిక ఏదో బిల్లు దగ్గర వాదన లేకుండా తేలిపోతుంది.

అయితే క్లయింట్లు లాగిన్ అవుతారనుకోకండి, కొట్లో బేరం వదిలి ఎవరవుతారు? మా దగ్గర ఫోన్లు చూసే అమ్మాయే టికెట్ రాస్తుంది. ముందు వాళ్లన్న మాట వాళ్ల భాషలోనే ఉన్నదున్నట్టు, దాని కింద ఏ ఫోన్, ఏ పేజీ, ఎక్కడ ఆగింది. ఈ వరస తప్పితే ఎంత ఖరీదైన టూల్ ఉన్నా దండగే అని గట్టిగా నమ్ముతాను.

పేజీ మీదే గీత గీసి "ఇది మార్చండి" అని పంపే వీలు ఇందులో లేదు. డిజైన్ మార్పులే ఎక్కువగా ఉండేవాళ్లు ఇంకోటి చూసుకోవడం మేలు. పెట్టుకునేవాళ్లు మాత్రం ముందు మెయిల్ సెట్టింగులు చూడండి, క్లయింట్‌కి అకౌంట్ ఇచ్చారంటే నోట్ పడినప్పుడల్లా మెయిల్ వెళ్లి వాళ్లకి విసుగొస్తుంది.