హంటింగ్టన్: పుస్తకాల కోసం వెళితే కలబంద తోట కట్టిపడేసింది

లాస్ ఏంజెలిస్ పక్కనే ఉన్న శాన్ మరీనోలోని హంటింగ్టన్ లైబ్రరీకి 2024 జనవరిలో ఒక బుధవారం అమ్మని తీసుకెళ్ళాను. పేరుకు లైబ్రరీయే గానీ కూర్చుని చదువుకుందామంటే కుదరదు. రీడింగ్ రూమ్ పరిశోధకులకే. మనం చూసేది అద్దాల వెనక పెట్టిన పుస్తకాలు, చిత్రాల గ్యాలరీలు, చుట్టూ 130 ఎకరాల తోటలు.

మంగళవారం సెలవు. శని, ఆదివారాల్లో టికెట్ ధర ఎక్కువ, పైగా ముందే బుక్ చేసుకోవాలి. నెలలో మొదటి గురువారం ఉచితమే, కానీ ఆ టికెట్లూ ముందుగా ఆన్‌లైన్‌లో పట్టుకోవాలి. పార్కింగ్‌కి డబ్బులు అడగకపోవడం చూసి నేనే నమ్మలేదు.

లోపలికి వెళ్ళగానే ఎడారి తోటకి నడిచాం. దాదాపు 10 ఎకరాలు, ఎటు చూసినా జెముళ్ళు. రైలు మార్గాలు వేయించే రోజుల్లో ముళ్ళు గుచ్చుకుని, ఈ లైబ్రరీ స్థాపించిన హెన్రీ హంటింగ్టన్‌కి ఆ మొక్కలంటేనే పడేది కాదట. తోటల బాధ్యత చూసిన విలియం హెర్ట్రిచ్ 1907 ప్రాంతంలో ఆయన్ని ఎలాగో ఒప్పించి మొదలుపెట్టాడు. జనవరి కదా, కలబందలన్నీ ఎర్రగా, నారింజ రంగులో పూసి ఉన్నాయి. ‘మన కుండీలో కలబంద ఇన్నేళ్ళలో ఒక్క పువ్వైనా పూసిందా!’ అని అమ్మ అక్కడే అరగంట నిలబడింది. గులాబీ తోట మాత్రం కొమ్మలు కత్తిరించి మోడుగా ఉంది. గులాబీల కోసమే అయితే వసంతంలో వెళ్ళండి.

లైబ్రరీ హాల్లో వెలుతురు తక్కువ, చల్లగా ఉంటుంది. అక్కడి గూటెన్‌బర్గ్ బైబిల్ (యూరప్‌లో విడి అచ్చు అక్షరాలతో ముద్రించిన మొదటి పెద్ద పుస్తకం) 1455 ప్రాంతంలో అచ్చయింది, అదీ కాగితం మీద కాదు, తోలు మీద. అలాంటి తోలు ప్రతులు ప్రపంచంలో డజనే మిగిలాయి. పాతకాలపు ఇంగ్లీష్ కవి ఛాసర్ రాసిన యాత్రికుల కథలు ‘కాంటర్‌బరీ టేల్స్’ రాతప్రతిలో అంచున గుర్రమెక్కిన యాత్రికుల బొమ్మలున్నాయి. నేను వాటిని వదిలి రాలేకపోయాను. అమ్మ మాత్రం బెంచీ వెతుక్కుంది.

చిత్రాల గ్యాలరీ హంటింగ్టన్ దంపతులు ఉన్న ఇల్లే. ఇంగ్లండ్ చిత్రకారుడు గెయిన్స్‌బరో గీసిన ‘బ్లూ బాయ్’ ఎదురుగా, అక్కడి వాడే అయిన లారెన్స్ గీసిన ‘పింకీ’. ఈ రెండూ చూసి మిగతా గదులు చకచకా దాటేశాం.

జపాన్ తోటలో కొత్తగా చూడాల్సింది షోయా ఇల్లు. జపాన్‌లోని మరుగమెలో 300 ఏళ్ళకి పైగా నిలబడ్డ ఊరిపెద్ద ఇంటిని విప్పి, తెచ్చి, ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు. 2023 అక్టోబర్‌లో తెరిచారు. దారి మాత్రం పల్లంలోకి దిగి ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులుంటే మొహమాటపడకుండా వీల్‌చెయిర్ అడగండి. అమ్మ వద్దంది, సాయంత్రానికి తెలిసొచ్చింది.

తోటల్లో పిక్నిక్‌కి ఒప్పుకోరు. లోపలి కేఫ్‌లో తిండి పర్వాలేదు, బిల్లే బరువు. పొద్దున్నే కడుపు నిండా తిని వెళ్ళడం మేలు. మా బస పక్క ఊరు పసడేనాలో, ఒక హోటల్లో. గది శుభ్రంగానే ఉంది కానీ పార్కింగ్ ఫీజు సంగతి బుకింగ్‌లో ఎక్కడా చెప్పకుండా ఖాళీ చేసేటప్పుడు బిల్లులో కలిపారు. రాత్రే రిసెప్షన్‌లో అడగాల్సింది.

5 గంటలకి మూసేస్తారు. చైనా తోటలో చెరువు ఒడ్డున మంటపాలు సగం చూసేసరికే టైమైపోయింది. ఈసారి వెళితే పొద్దున్నే అక్కడి నుంచే మొదలుపెడతాం.