ఎటిమాన్‌లైన్: చావు వార్తలు అనువదించేవాళ్లకు తప్పకుండా పనికొచ్చే సైట్

అమెరికాకు చెందిన డగ్లస్ హార్పర్ కూర్చిన ఈ ఆన్‌లైన్ నిఘంటువుకు పైసా కట్టక్కర్లేదు. ఇంగ్లిష్ మాట ఎక్కడ పుట్టింది, ఎప్పటి నుంచి వాడుకలో ఉంది, అర్థం ఎలా మారిందీ చెబుతుంది. పత్రికలో విదేశీ వార్తలు అనువదిస్తాను కాబట్టి నాకు రోజూ ఎదురయ్యేవి మర్డర్, మాన్‌స్లాటర్, మాసకర్, కార్నేజ్, జెనోసైడ్ లాంటివే. పేజీ టైమ్ దగ్గర పడిందంటే అన్నిటికీ ఊచకోత అనో మారణహోమం అనో వేసేసి పంపేస్తుంటారు. నాకది అస్సలు నచ్చదు. ప్రాణాలు పోయినవాళ్ల గురించి రాసేటప్పుడైనా మాట సరిగ్గా పడాలి కదా!

జెనోసైడ్ అని కొట్టి చూడండి. ఏదో పాతకాలపు మాట అనిపిస్తుంది గానీ 1944లో రాఫెల్ లెమ్కిన్ అనే పోలండ్ యూదు న్యాయవాది, జాతి అనే గ్రీకు మాటకు చంపడం అనే లాటిన్ ముక్క కలిపి తయారుచేసింది. 1948లో ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోకీ ఎక్కింది. ఎంతమంది చనిపోయారన్నది కాదు అక్కడ లెక్క, ఒక జాతినో మత సమూహాన్నో పూర్తిగానో కొంతవరకో లేకుండా చేయాలన్న ఉద్దేశం ఉందా లేదా అన్నదే అసలు విషయం. అందుకే నేను జాతి నిర్మూలన అనే రాస్తాను, హెడ్డింగ్‌లో చోటు చాలకపోయినా సరే.

డెసిమేట్ అంటే ఇప్పుడు సర్వనాశనం అనే వాడుతున్నారు. ఒకప్పుడు రోమన్ సైన్యంలో తిరగబడ్డ దళానికి చీట్లు తీసి, పదిమందిలో ఒకణ్ని తోటి సైనికుల చేతే కొట్టి చంపించే శిక్ష అది! మేహెమ్ అంటే గందరగోళం అనుకుంటాం, మొదట్లో మాత్రం మనిషి తనను తాను కాపాడుకోలేకుండా కాలో చెయ్యో పనికిరాకుండా చేసే నేరానికి కోర్టువాళ్లు పెట్టిన పేరు. థగ్ మన దేశం నుంచే వెళ్లింది, బాటసారుల గొంతుకు రుమాలు బిగించి చంపి దోచుకునే ముఠాల పేరుగా. అన్నిటికంటే నన్ను కదిలించింది బ్లెస్. దీవించడమనే ఆ మాటకు మూలం రక్తంతో గుర్తుపెట్టి పవిత్రం చేయడమట.

కొత్తవాళ్లకు మొదట్లో కాస్త కష్టమే, పొడి అక్షరాలూ, పండితులు ఊహించి కట్టినవని చెప్పే నక్షత్ర గుర్తు (*) ఉన్న మూలరూపాలూ ఎక్కువ. ఇంగ్లిష్ బాగా చదవగలిగితేనే హాయిగా సాగుతుంది. గ్రూప్స్‌కి చదివే పిల్లలకైతే మాటలు బట్టీ పట్టే బాధ చాలా తగ్గుతుంది.

కోర్టు వార్తలకు మాత్రం ఇదొక్కటే చాలదు. మాన్‌స్లాటర్ అన్న పేరుతో మన చట్టంలో నేరం లేదు. దానికి దగ్గరగా ఉన్నది హత్య కాని నేరపూరిత నరహత్య. పాత ఐపీసీలో (భారత శిక్షాస్మృతి) దానికి శిక్ష చెప్పేది సెక్షన్ 304, 2024 జులై 1 నుంచి దాని చోట వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 105. హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ 302 నుంచి 103కి మారింది. కాబట్టి ఏ దేశం కేసో చూసుకుని, ఆ దేశం చట్టం కూడా పక్కన తెరిచి పెట్టుకోండి.