ఉద్దానంలో గాలిమరతో వేన్నీళ్లు: ఏడాది వాడాక నా రివ్యూ

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర, ఇంటి చుట్టూ కొబ్బరి తోట. ఇంట్లో ఎనిమిది మందిమి, అందులో ఇద్దరు ముసలోళ్లు, ముగ్గురు గుంటలు, కార్తీకం దాటిందంటే పొద్దున్నే అందరికీ వేన్నీళ్లు కావాల్సిందే. గీజర్ బిల్లు కట్టలేక నిరుడు జనవరిలో 200 లీటర్ల హీట్ పంపు, దానికి కరెంటు ఇవ్వడానికి 1 కిలోవాట్ చిన్న గాలిమర, రెండూ ఒకేసారి కొనీసాను. కంపెనీల పేర్లు రాయను, ఎవరితోనూ గొడవలొద్దు.

ముందు హీట్ పంపు గురించి చెప్పీస్తాను, దాని మీద నాకు కంప్లైంట్ లేదు. ఇది నీళ్లని కాయిల్ పెట్టి కాల్చదు, ఏసీని తిరగేసినట్టు బయట గాలిలో ఉన్న వేడిని లాగి ట్యాంకులోకి తోస్తుంది. 200 లీటర్లు 27 డిగ్రీల నుంచి 55కి కాగాలంటే గీజర్‌కి ఆరున్నర యూనిట్లు పడుతుంది, దీనికి రెండు యూనిట్ల లోపే అయిపోతోంది. మంచు పడే దేశాల్లో చలికాలం బయటి గాలి తగిలే దీని గొట్టాల మీద మంచు కట్టి కాస్త ఇబ్బంది పెడుతుందంట, మనకా బాధ లేదు. పైగా అది పనిచేసేటప్పుడు చల్లగాలి వదుల్తుంది, మే నెలంతా మా నాన్నగారు పేపర్ పట్టుకుని కుర్చీ దాని ముందే వేసుకున్నారు.

ఇక గాలిమర. మీద 1 కిలోవాట్ అని పెద్ద స్టిక్కర్, కింద చిన్న అక్షరాల్లో సెకనుకి 12 మీటర్ల గాలికి అని ఉంటుంది. అంటే గంటకి 43 కిలోమీటర్లు, మా తోటలో అంత గాలొస్తే మట్టలు రాలి పడతాయి. గాలి సగమైతే కరెంటు కూడా సగం వస్తుందిలే అనుకున్నా నేను, కాదు, ఎనిమిదో వంతుకి పడిపోతుంది. 6 మీటర్ల గాలికి లెక్క ప్రకారం 125 వాట్లు, రెండు పాత సీలింగ్ ఫ్యాన్లు కూడా సరిగ్గా తిరగవు. ఈ మాట డీలర్ చెప్పలేదు, "హీట్ పంపు 700 వాట్ల లోడే కదండీ, సరిపోద్దండీ" అన్నాడు అంతే. హీట్ పంపులో కంప్రెసర్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్క క్షణం మామూలు కన్నా నాలుగైదు రెట్లు లాగుతుంది, మొదటి ఇన్వర్టర్ అక్కడే టప్‌మని ట్రిప్ అయిపోయేది, పెద్దది కొనడానికి ఇంకో ఖర్చు.

తప్పు నాది కూడా ఉంది. పోల్ మేడ మీద పెట్టించాను, నేల నుంచి 40 అడుగులు ఉంటుంది, చుట్టూ కొబ్బరి చెట్లేమో 60 అడుగులు. చుట్టుపక్కల 300 అడుగుల్లో ఉన్న దేనికన్నా కనీసం 30 అడుగులు ఎత్తులో ఉండాలని తర్వాత తెలిసింది. చెట్ల మధ్య గాలి తిన్నగా రాదు, సుడులు తిరుగుతూ వస్తుంది, దాంతో వెనకున్న తోక అటూ ఇటూ గిరగిరా తిరుగుతుంటే రెక్కలు ఎటు చూడాలో తెలియక కాసేపు తిరిగి ఆగిపోతాయి. ఇదంతా చూసి మా అమ్మ "ఏటిరా, తోక తిరగడమే గానీ నీళ్లు కాగవా" అంటుంది. తిరిగినప్పుడు మాత్రం ఆ గుయ్‌మనే అదురు స్లాబ్‌లోంచి పై గదిలోకి దిగుతుంది, మా బావ వచ్చినా అక్కడ పడుకోడు ఇప్పుడు.

జూన్‌లో మాత్రం బాగుంది, అబద్ధం చెప్పను. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి తగులుకుంటే సాయంత్రానికి మీటర్లో యూనిట్ దాటేది, ఒకరోజు మూడు కూడా వచ్చింది. హీట్ పంపు టైమర్ మూడు గంటలకి మార్చాను, ఆ టైమ్‌లో గాలీ ఉంటుంది, బయట వేడీ ఉంటుంది, కాగిన నీళ్లు ట్యాంకులో పొద్దున్న దాకా వేడిగానే ఉంటాయి. బ్యాటరీలో కరెంటు దాచడం కన్నా ట్యాంకులో వేడి దాచుకోవడమే చవక, ఇది మాత్రం నేను గట్టిగా చెప్తాను.

కానీ జూన్‌లో వేన్నీళ్లు ఎవరికి కావాలండి, మేడ మీద ట్యాంకు నీళ్లే కాలిపోతుంటాయి. డిసెంబర్లో చూస్తే నెల మొత్తానికి 9 యూనిట్లు, అంటే బ్యాటరీలో పోయింది పోగా నాలుగు సార్లు ట్యాంకు కాగడానికి. మిగతా రోజులన్నీ ఇంటి కరెంటే. పొద్దున్న ఐదింటికి మేడెక్కితే మంచులో రెక్కలు తడిసి నిలబడి ఉన్నాయి, ఆకు కదల్లేదు. చలిదేశాల్లో చలికాలమే గాలెక్కువ, ఇల్లు వెచ్చగా కావాల్సిందీ అప్పుడే, అందుకే వాళ్లకి ఈ జోడీ కుదురుతుంది. మనకి తిరగబడింది.

తుఫాన్ల సంగతి వేరే. 2018 అక్టోబర్లో తిత్లీ మా తోటని ఏం చేసిందో చూసినవాణ్ణి, అందుకే పోల్ కింద మడత కీలు పెట్టించాను. వాయుగుండం అన్నారంటే ముగ్గురం కలిసి విప్పి పడుకోబెడతాం, గంటన్నర పని. మొన్న అక్టోబర్లో రెండు సార్లు దించాం.

గాలిమర, పోల్, బ్యాటరీలు, ఇన్వర్టర్లు అన్నీ కలిపి లక్షా అరవై వేలు దాటింది. అదే 1 కిలోవాట్ సోలార్ పెట్టుంటే ఎండ ఉన్న రోజు నాలుగు యూనిట్లు వచ్చేవి, డిసెంబర్లో కూడా, పైగా కేంద్రం 30 వేలు సబ్సిడీ ఇస్తోంది. సోలార్‌కి అప్లై చేశాను.

హీట్ పంపుకి ఐదుకి ఐదు. గాలిమరకి రెండు, అందులో ఒకటి జూన్ నెలకి. భావనపాడు వైపు ఒడ్డున చెట్లు లేని జాగా ఉన్నవాళ్లెవరికైనా కావాలంటే అమ్మేస్తాను, జూన్‌లో వచ్చి చూసుకోండి, డిసెంబర్లో వస్తే కొనరు.